ఏడు వాట్ల ఆదివారం

పదకొండో స్క్రూ ఊడింది. బ్రహ్మాజీ దాన్ని అయస్కాంతం అంటించిన రేకు పళ్ళెంలో పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో ఏ మూలది పళ్ళెంలోనూ ఆ మూలనే ఉండాలి. తర్వాత పాత ఏటీఎం కార్డు ముక్క తీసుకుని అడుగు మూత అంచులోకి దూర్చాడు. ఇక్కడ తొందర పడితే లోపలి కొక్కేలు విరుగుతాయి. కార్డును ఒక్కొక్క కొక్కెం దగ్గర ఆపాలి, నొక్కాలి, చప్పుడు వినాలి, ఆ తర్వాతే ముందుకు జరపాలి. టప్పుమని పొడి చప్పుడు వస్తే ఊడినట్టు. మెత్తగా వస్తే ఇంకా పట్టుకుని ఉన్నట్టు.

"నరసరావుపేటలో రిపేర్లు చేసేవాళ్ళు ఇరవై మంది ఉన్నారండీ. చెవులతో రిపేరు చేసేవాడు మావాడొక్కడే" అని ఒకప్పుడు శ్రీనివాసరావు కౌంటర్లో కూర్చుని వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుండేవాడు. పన్నెండేళ్ళు అట్లా జరిగింది. ముందు గదిలో అతని మాట, వెనక గదిలో ఇతని చెయ్యి. పోయిన దసరాకు శ్రీనివాసరావు గుంటూరులో పెద్ద షాపు పెట్టుకుని వెళ్ళిపోయాడు. కౌంటర్ కుర్చీలో ఇప్పుడు చెడిపోయిన మానిటర్లు మూడు, ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి.

మే నెల, ఆదివారం, ఉదయం ఎనిమిది. కోర్టు రోడ్డులో సెలవు రోజున కాకి కూడా తిరగదు. నల్లకోట్లు లేవు, జిరాక్సు మిషన్ల చప్పుడు లేదు. మెట్ల కింద టీ కొట్టు ఒక్కటే తెరిచి ఉంది. ఆ కొట్టు నడిపే చిన్నారికి యాభై దాటాయి. గ్లాసు పట్టుకుని ఆయాసపడుతూ పైకి వచ్చింది.

"ఏందయ్యా, ఆదివారం కూడా తలుపులు తీశావు?"

"పనుంది."

"పనుందా, ఇంటికాడ మాట్లాడే దిక్కు లేకనా?"

"రెండూనూ" అన్నాడు బ్రహ్మాజీ, కార్డు మీద నుంచి చూపు ఎత్తకుండా.

"ఇప్పటికి నిజం కక్కావు" అని గ్లాసు పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ దిగిపోయింది చిన్నారి. ఆ రోజుకు అతను విన్న మొదటి మనిషి గొంతు అది.

అతనికి నలభై ఎనిమిదేళ్ళు. తండ్రి పిచ్చియ్య మాచర్ల వైపు నాపరాయి క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. బ్రహ్మాజీ పదో తరగతి తప్పి, మోటార్ల వైండింగు షాపులో చేరాడు. పద్నాలుగేళ్ళు పొలాల మోటార్లకు రాగితీగ చుట్టాడు. కంప్యూటర్లు ఊళ్ళోకి వచ్చాక, పాడైపోయినవి తూకానికి కొని విప్పి, మళ్ళీ బిగించి, ఎవరి దగ్గరా కూర్చోకుండానే నేర్చుకున్నాడు. పెళ్ళి మాట చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని చేతిలో ఉంది. తల్లి రాఘవమ్మ పోయాక ఆ మాట తెచ్చేవాళ్ళు కూడా లేకపోయారు.

మూత లేచింది. ఫ్యాను రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము మందంగా, దుప్పటి ముక్కలాగా పట్టి ఉంది. సున్నపు దుమ్ము, పత్తి నూగు కలిసి అట్టకట్టాయి. పట్టకారుతో దాన్ని ఒక్క ముక్కగా లాగి కాగితం మీద పెట్టాడు.

ఈ ల్యాప్‌టాప్ కవితది. గురజాల దగ్గర పల్లెలో ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. పక్షవాతం వచ్చిన తల్లి మంచంలో ఉంది. తల్లిని విడిచి బయట ఉద్యోగానికి పోలేక, ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీ ఒకదానికి పనిచేస్తోంది. డాక్టర్లు రోగుల గురించి ఇంగ్లీషులో మాట్లాడి పంపిన రికార్డింగులు చెవుల్లో వింటూ టైపు చెయ్యాలి. ఆ జీతమే ఇంటికి ఆధారం. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది.

"బాబాయ్, జనవరిలో మీరు బాగుచేశాక నెల రోజులు గుర్రంలాగా పరిగెత్తింది. ఎండలు ముదిరినకాడి నుంచి చచ్చిపోతంది. అరగంటకే కాలిపోద్ది, ఆ తర్వాత అక్షరం కొడితే అక్షరం రాదు. కరెంటు పోతే గంటన్నరకు ఆగిపోద్ది. పోయిన నెల రెండుసార్లు మధ్యలో ఆగింది. ఇంకోసారి ఆగితే సీటు తీసేస్తామని మెయిలు పెట్టారు."

"కరెంటు ఎంతసేపు పోతది?"

"రేపట్నుంచి... కాదు, సోమవారం నుంచి శనివారం దాకా లైన్లు మారుస్తారంట. పొద్దున పదింటికి తీస్తే మూడింటికి ఇస్తారంట. నా డ్యూటీ సరిగ్గా అదే టైము. సెలవు అడిగా. ఇయ్యమన్నారు."

అంటే అయిదు గంటలు. "రేపు సాయంత్రం రా" అన్నాడు బ్రహ్మాజీ. అయిద్దని గాని, కాదని గాని చెప్పలేదు. పని చూడకుండా మాట ఇవ్వడం అతనికి అలవాటు లేదు.

ఇప్పుడు ఫ్యాను తుడిచాడు. ప్రాసెసర్ మీద ఎండి పెచ్చులు కట్టిన తెల్లటి పేస్టును స్పిరిటుతో కడిగి, కొత్తది బియ్యపుగింజంత పెట్టి, రాగి గొట్టం బిగించాడు. మూత పెట్టకుండానే ఆన్ చేశాడు. బ్యాటరీలో నుంచి ఏ క్షణాన ఎంత కరెంటు పోతోందో చూపే చిన్న ప్రోగ్రాం ఒకటి అతని దగ్గర ఉంది. దాన్ని తెరిచి, ఇంకేమీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని చూశాడు.

ఇరవై రెండు వాట్లు.

ఏ పనీ లేదు. పాట లేదు, బొమ్మ లేదు, మీట కూడా నొక్కలేదు. ఖాళీగా కూర్చోవడానికి ఇరవై రెండు వాట్లు తింటోంది. బ్యాటరీ పాతబడి ముప్పై ఆరు వాట్-గంటలే పట్టుకుంటోంది. ముప్పై ఆరును ఇరవై రెండుతో భాగిస్తే ఆ అమ్మాయి చెప్పిన గంటన్నరే వచ్చింది. అయిదు గంటలు నడవాలంటే ఏడు వాట్లు దాటకూడదు. పేపరు అంచున పెన్సిలుతో 7 అని రాసి చుట్టూ సున్న చుట్టాడు.

ఇంతకీ దేనికి తింటున్నట్టు? వైరసా అని చూశాడు. కాదు. డిస్కు చూశాడు. బాగానే ఉంది. అప్పుడు, ఊడదీసిన అడుగు మూతను తుడుద్దామని వెనక్కి తిప్పితే, లోపలి వైపు తన చేతిరాత కనిపించింది.

మోటారు చుట్టేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఎన్ని చుట్లు వేశారో, ఏ గేజి మందం తీగో, ఏ తేదీనో లోపలి ఇన్సులేషన్ కాగితం మీద రాసి పెట్టి మూస్తారు. రేపు ఎవరు విప్పినా, ముందు చేసినవాడు ఏం చేశాడో తెలియాలి. బ్రహ్మాజీ ఆ అలవాటును కంప్యూటర్లలోకి కూడా తెచ్చుకున్నాడు. మూత లోపలి స్టిక్కర్ మీద ఇట్లా ఉంది: "18 జనవరి. ఫుల్ స్పీడ్. తగ్గకుండా కట్టేశా. బ్రహ్మాజీ."

దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

ఆ పని ఒక్క కవిత యంత్రానికే చెయ్యలేదు. అది ఈ షాపులో అందరూ అడిగి చేయించుకున్న పని. బయట శ్రీనివాసరావు రాయించిన బోర్డు మీద కూడా "స్లో ల్యాప్‌టాప్‌లు ఫుల్ స్పీడ్ చేయబడును" అనే ఉంటుంది. ఆ మాట శ్రీనివాసరావుదే గానీ, నమ్మకం మాత్రం బ్రహ్మాజీది. ఆ నమ్మకం మోటార్ల దగ్గర నుంచి వచ్చింది. పొలంలో సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు బోరు మోటారు మూలుగుతుంది, వేగం తగ్గుతుంది, తగ్గినకొద్దీ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరకు లోపల తీగ మాడి కమురు వాసన వస్తుంది. అట్లా మాడినవాటిని అతను పద్నాలుగేళ్ళు చుట్టాడు. వేగం తగ్గిన మోటారు జబ్బు చేసిన మోటారు. అందుకే మొదటిసారి ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వేగం అంకె పడుతూ లేస్తూ కనిపించినప్పుడు అతను భయపడ్డాడు. ఇదీ జబ్బే అనుకున్నాడు. మందు కనిపెట్టాడు. సెట్టింగుల్లోకి పోయి, కనీస వేగం నూటికి నూరు అని పెట్టాడు. ఇంకా లోపలికి పోయి, ఖాళీ దొరికితే కునుకు తీసే వీలును కూడా మూసేశాడు.

ఎవరూ తిట్టలేదు. వకీళ్ళ ఆఫీసుల్లో ల్యాప్‌టాప్ పగలంతా ప్లగ్గులోనే ఉంటుంది, పైన ఏసీ ఉంటుంది. "బాగా లాగుతంది బ్రహ్మాజీ" అనేవాళ్ళు. ఆ మాటతో అతను అక్కడే ఆగిపోయాడు.

జనవరిలో కవిత వచ్చినప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది: కరెంటు లేకుండా ఎంతసేపు వాడతావమ్మా అని. అడగలేదు. అడగడం, చెప్పడం శ్రీనివాసరావు పని. అతను వెళ్ళిపోయాక ఆ పని ఎవరూ చెయ్యలేదు.

బ్రహ్మాజీ ఇప్పుడు సరిగ్గా కొలవడం మొదలుపెట్టాడు. ముందు, కట్టిన కట్టు విప్పకుండా ఒక పెద్ద పని పెట్టి చూశాడు. వేడి తొంభై డిగ్రీలు దాటింది. తొంభై ఎనిమిది దగ్గర ప్రాసెసర్ తనంతట తాను వేగం ఒక్కసారిగా కిందికి పడేసింది, పదో వంతుకు. చల్లబడింది, లేచింది, మళ్ళీ కాలింది, మళ్ళీ పడింది. తనను తాను కాపాడుకుంటోంది. దుమ్ము తీసి, కొత్త పేస్టు పెట్టాక కూడా ఇంత కాలుతుంటే, ఆ దుమ్ముతో పల్లెలో రేకుల ఇంట్లో ఎంత కాలి ఉంటుంది? అక్షరం కొడితే అక్షరం రాకపోవడానికి కారణం ఇదీ. పరిగెత్తించబోయి దాన్ని కుంటిదాన్ని చేశాడు.

తర్వాత కట్లు విప్పాడు. అంకెలు వెంటనే కదిలాయి. వేగం మూడున్నర గిగాహెర్ట్జ్ నుంచి ఒకటింబావుకు దిగింది. దానితో పాటు ఇంకో అంకె కూడా దిగింది, ఇన్నేళ్ళూ అతను పట్టించుకోనిది. ప్రాసెసర్‌కు అందే వోల్టేజి, ఒకటీ పాయింటు ఒకటి నుంచి సున్నా పాయింటు ఏడుకు.

అక్కడ అతని చూపు నిలిచిపోయింది. పెన్సిలు తీసుకున్నాడు.

ప్రాసెసర్‌లో ఉండేవి కోట్లకొద్దీ బుల్లి మీటలు. ఒక్కో మీట పడి లేచినప్పుడల్లా చిటికెడు కరెంటు నింపుకుని వదిలేస్తుంది. సెకనుకు ఎక్కువసార్లు పడితే ఎక్కువ ఖర్చు, కానీ పని కూడా అంతే ఎక్కువ జరుగుతుంది కాబట్టి దానిలో పెద్ద నష్టం లేదు. నష్టమంతా వోల్టేజిలో ఉంది. మీట త్వరగా పడాలంటే గట్టిగా తొయ్యాలి, అంటే వోల్టేజి పెంచాలి. ఖర్చేమో వోల్టేజిని మళ్ళీ వోల్టేజితోనే గుణించినంత పెరుగుతుంది. ఒకటీ పాయింటు ఒకటిని దానితోనే గుణిస్తే ఒకటీ పాయింటు రెండు ఒకటి. సున్నా పాయింటు ఏడును గుణిస్తే సున్నా పాయింటు నాలుగు తొమ్మిది. అదే పని, మీట అంతే దూరం పడుతుంది, కానీ ఖర్చు సగం కంటే తక్కువ. వేగం తగ్గితే తోపు తగ్గించుకోవచ్చు. తోపు తగ్గితే రెండు వైపులా కలిసొస్తుంది.

మోటారుకు వోల్టేజి తగ్గితే మాడుతుంది. దీనికి తగ్గితే బతుకుతుంది. పద్నాలుగేళ్ళ అనుభవం ఇక్కడ తలకిందులు.

కట్టు విప్పాక వాట్లు తొమ్మిదిన్నరకు వచ్చాయి. ఏడు కాలేదు. బ్రహ్మాజీకి మొండితనం వచ్చింది. అంత మేలైతే అడుగుకే కట్టేద్దామని, ఎప్పుడూ కనీస వేగం దాటకుండా బిగించాడు. కవిత ఇచ్చిపోయిన ప్రాక్టీసు రికార్డింగు పెట్టాడు. డాక్టరు గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మీట నొక్కితే అక్షరం ఆలోచించి వచ్చింది. రెండు సెకన్లలో తెరుచుకునే పేజీ తొమ్మిది సెకన్లు తీసుకుంది, ఆ తొమ్మిది సెకన్లూ ప్రాసెసర్‌కు కునుకు లేదు, తెరా వెలుగుతూనే ఉంది. వాట్లు చూస్తే అనుకున్నంత తగ్గలేదు.

అప్పుడతనికి తండ్రి పని చేసే తీరు గుర్తొచ్చింది. పిచ్చియ్య నాపరాయి పొరలోకి ఉలి దించేటప్పుడు మూడు దెబ్బలు గట్టిగా వేసేవాడు. వేసి, సుత్తిని నేలమీద పెట్టేసేవాడు. పొర విడే చప్పుడు కోసం చెవి ఆనించి కూర్చునేవాడు. సుత్తి ఎందుకు దించావని మేస్త్రీ కేకలేస్తే, "ఊరికే పట్టుకుంటే మాత్రం బరువు ఉండదా ఏందీ" అనేవాడు. పక్కవాళ్ళు ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉంచి, మధ్యాహ్నానికి భుజాలు పడిపోయి కూర్చునేవాళ్ళు. పిచ్చియ్య సాయంత్రం దాకా ఒకే తీరున కొట్టేవాడు.

అడుగుకు వేసిన ఆ కట్టు కూడా తీసేశాడు బ్రహ్మాజీ. అవసరమైతే లేవాలి, పని కాగానే దిగాలి, పని లేనప్పుడు పడుకోవాలి. ఒక్క కొస మాత్రం కోశాడు: అన్నిటికంటే పై వేగం, ఎక్కువ తోపు కావలసిన ఆ చివరి మెట్టు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఎక్కకుండా ఆపాడు. టైపింగుకు అది అక్కరలేదు. తెర వెలుగు సగానికి తగ్గించాడు. వెనకాల ఊరికే నడుస్తున్న ప్రోగ్రాములు ఆరు మూసేశాడు.

ఆరున్నర... ఏడూ పాయింటు ఒకటి... ఆరూ పాయింటు ఎనిమిది.

అంకె ఊగుతోంది. ఏడుకు అటూ ఇటూ. ఈ అంకెను నమ్మి ఒక మనిషి ఉద్యోగాన్ని పణం పెట్టలేడు. కొత్త బ్యాటరీ దొరికితే దిగులుండదు. ఫోను తీసి, ఏడు నెలల్లో మొదటిసారి శ్రీనివాసరావు నెంబరు నొక్కాడు.

"ఏంది బ్రహ్మాజీ, బతికే ఉన్నావా? నీ గొంతు విని ఎన్నాళ్ళయింది! ఫోను నీదేనా, ఎవడన్నా కొట్టేశాడా?"

"ఒక బ్యాటరీ కావాల. మోడలు నెంబరు చెప్తా రాసుకో."

"ఇదిగో, పలకరింపు లేదు పాడు లేదు. చెప్పు." విని, వెతికి చెప్పాడు. "నాకాడ లేదు. బుధవారం వచ్చిద్ది."

"రేపు పొద్దున్నే కావాల."

"రేపెట్టా వచ్చిద్ది? పాత బ్యాటరీ అట్టాగే చస్తదని చెప్పి, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమను. నాకాడికి పంపు, తగ్గించి ఇస్తా."

బ్రహ్మాజీ పేపరు అంచున రాసిన 7 వైపు చూశాడు. "మనం ఫుల్ స్పీడ్ కట్టేవాళ్ళం గదా," అన్నాడు చివరకు, "అది తప్పు."

అవతల నవ్వు వినిపించింది, వెనక గిన్నెల చప్పుడు, పిల్లల గోల. "పన్నెండేళ్ళకు ఒక ముక్క మాట్లాడావు, అదీ ఆదివారం నేను భోజనం కాడ కూర్చున్నాక! జనం అడిగారు, కట్టాం. ఇప్పుడెవడన్నా కేసేశాడా? బ్యాటరీ బుధవారం పంపిస్తాలే. పెట్టేయ్, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చెయ్యడని ఇద్దరికీ తెలుసు.

ఇక మిగిలింది ఒకటే దారి, నడిపి చూడటం. అయిదు గంటల పనిని అయిదు గంటలూ చేయించి చూస్తే తప్ప నమ్మకం రాదు. బ్యాటరీ నిండేదాకా ఆగాడు. ఈలోపు కొత్త స్టిక్కర్ మీద చేసిన పనంతా రాసి, పాతదాని పక్కనే అంటించాడు. పాతదాన్ని చింపలేదు. మూత బిగించి, పన్నెండూ ఇరవైకి ప్లగ్గు పీకాడు.

ఫోను నుంచి నెట్టు పెట్టాడు. రికార్డింగు మొదలుపెట్టాడు. డాక్టరు ఇంగ్లీషులో గొణుగుతున్నాడు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. టైపు చెయ్యాలి. ఏం టైపు చెయ్యాలి? రెండు చూపుడువేళ్ళతో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు: నేను బ్రహ్మాజీని. టైము పన్నెండూ ఇరవై రెండు. బ్యాటరీ నూరు.

పక్కన చిన్న గడిలో ప్రాసెసర్ గీత కనిపిస్తోంది. అక్షరం కొట్టినప్పుడల్లా గీత చీమ తలెత్తినట్టు లేచి వెంటనే పడిపోతోంది. రెండు అక్షరాల మధ్య దానికి బోలెడంత ఖాళీ. మనిషి ఎంత త్వరగా కొట్టినా దాని లెక్కలో యుగాల తరబడి ఎదురుచూపే. ఇన్నాళ్ళూ ఆ ఎదురుచూపంతా అతను దాన్ని నిలబెట్టి ఉంచాడు.

ఒంటిగంటకు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పి, ఎడమచేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో అన్నం తిన్నాడు. ఏం కూరో కూడా టైపు చేశాడు. దోసకాయ. ఉప్పు ఎక్కువైంది. ఎవరికీ చెప్పనక్కరలేదు కాబట్టి అట్లాగే తింటున్నా.

రెండు దాటింది. బయట ఎండకు తారు మెత్తబడి, వచ్చిన ఒక్క ఆటో కూడా టైర్లకు తారు అంటుకునే చప్పుడుతో పోయింది. చేతులు ఆగకూడదు. రాయడానికి ఏదో ఒకటి కావాలి. చుట్టిన మోటార్ల గేజిలు రాశాడు. అవి అయిపోయాయి. అమ్మ మందుల పేర్లు రాశాడు. అమ్మ ఆఖరి నెలల్లో రోజూ సాయంత్రం "ఇయ్యాల షాపుకు ఎవరొచ్చార్రా" అని అడిగేదని, "ఎవరో వచ్చారు" అని తను ఊరుకునేవాడని రాశాడు. వచ్చినవాళ్ళ పేర్లు చెబితే ఆమెకు పొద్దుపోయేదని ఇప్పుడు తోచిందని రాశాడు. శ్రీనివాసరావు పోయేరోజు ఆటోలో సామాను ఎక్కించింది తనే అని, ఉండిపొమ్మని అనలేదని, అనాలని తెలియలేదని రాశాడు. తన జీవితంలో ఇంత పొడుగున ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరితో మాట్లాడుతున్నట్టు? గీత లేస్తోంది, పడుతోంది.

మూడు గంటలకు నలభై ఎనిమిది శాతం ఉంది. లెక్క ప్రకారం సరిపోవాలి. నాలుగుకు ఇరవై తొమ్మిది. చేత్తో అడుగు తాకి చూశాడు. గోరువెచ్చగా ఉంది, అంతే. ఫ్యాను తిరుగుతోందో లేదో తెలియడానికి చెవి ఆనించాల్సి వచ్చింది.

అయిదింటికి పది శాతం ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కవిత. అతను అనుకున్నదానికంటే ముందే వచ్చింది. బ్రహ్మాజీ గబగబా రాసిందంతా చెరిపేశాడు. చెరిపేటప్పటికి పద్నాలుగు పేజీలు ఉన్నాయి.

"ఏంది బాబాయ్, అంత రాశారు?"

"టెస్టింగు."

"అయిందా మరి? అమ్మకాడ పక్కింటి అబిదక్కని కూర్చోబెట్టి వచ్చా. ఆమె తొమ్మిదింటికల్లా ఇంటికి పోవాల."

"ఇరవై నిమిషాలు ఆగు. పన్నెండూ ఇరవైకి ప్లగ్గు తీశా. అయిదూ ఇరవై దాకా నడవాల." మానిటర్లను ఒక్కొక్కటే కుర్చీలో నుంచి నేలమీదికి దించి, పాతగుడ్డతో కుర్చీ తుడిచాడు. "కూర్చో. ఊరికే కూర్చోబాక. నీ పని నువ్వు చెయ్యి, నా కంటే నీ చెయ్యి వేగం."

ఆమె ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని టైపు మొదలుపెట్టింది. పది వేళ్ళూ వాన పడినట్టు పడుతున్నాయి. గీత కాస్త ఎత్తుగా లేచింది గానీ లేచినంత తొందరగానూ దిగుతోంది. ఆరూ పాయింటు తొమ్మిది. ఏడు. ఆరూ పాయింటు తొమ్మిది. బ్రహ్మాజీ ఆమె వెనక నిలబడి చూస్తున్నాడు. అయిదూ పదికి నోరు విప్పాడు.

"కవితమ్మా, ఇది పాడవటానికి కారణం నేనే."

ఆమె చెవుల నుంచి ఇయర్‌ఫోన్లు తీసింది. "ఏంది?"

"జనవరిలో దీన్ని ఎప్పుడూ ఫుల్లులోనే ఉండేటట్టు కట్టేశా. అట్టా కట్టకూడదు. పని లేనప్పుడు అది దిగాల. దిగనియ్యలా నేను. అందుకే కాలింది, అందుకే స్లో అయింది, అందుకే బ్యాటరీ గంటన్నరకే అయిపోయింది."

"అంటే... నేను రెండుసార్లు మాట పడింది..."

"నా వల్లే."

కవిత చేతులు మీటల మీద ఆగిపోయాయి. "కరెంటోళ్ళని తిట్టా బాబాయ్. ఫోను కంపెనీని తిట్టా. రెండోసారి ఆగినప్పుడు అమ్మకి అన్నం పెట్టటానికి లేచానని, నా వల్లే ఆగిందేమోనని అమ్మ మీద అరిచా. ఆమె మాట్లాడలేదు గదా, అట్టాగే చూసింది." ఇయర్‌ఫోన్ల తీగను వేలికి చుట్టుకుంది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలవాల. రేపు ఇంకెవరన్నా ఫుల్ స్పీడ్ పెడతామంటే వద్దనాల నువ్వు. ఇదిగో, అంకె ఇక్కడ చూసుకో. ఏడు దాటి అట్టాగే నిలబడితే ఏదో నడుస్తన్నట్టు. అది మూసెయ్యి. చెయ్యి ఆపబాక, ఇంకా అయిదు నిమిషాలుంది."

ఆమె క్షమించానని అనలేదు. అనమని అతనూ అడగలేదు. మళ్ళీ టైపు చెయ్యసాగింది, ఈసారి మీటలు కొంచెం గట్టిగా నొక్కుతూ.

అయిదూ ఇరవై అయింది. నాలుగు శాతం మిగిలింది. అంకె దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఆమె తలాడించి, తన ఫోనులో కూడా టైము చూసుకుంది. ఆ తర్వాతే ఊపిరి వదిలింది.

"రాత్రికి నిండా ఛార్జింగు పెట్టు. పొద్దున పదింటిదాకా ప్లగ్గు తియ్యబాక. మంచం మీద, దుప్పటి మీద పెట్టబాక, అడుగున గాలి ఆడాల. చెక్క మీద పెట్టు." ఒక్కొక్క మాటా వెతుక్కుని చెప్పాడు. "బుధవారం బ్యాటరీ వస్తది. నేనే తెచ్చి వేస్తా, గురజాల వచ్చి. డబ్బులు వద్దు."

"ఎంతయిందో చెప్పండి బాబాయ్, ఇయ్యాలది."

"దీనికి తీసుకోను."

ఆమె వాదించలేదు. మూత మూసింది. బ్రహ్మాజీ ఛార్జరు తీగను చుట్టి, మలుపుల్లో విరగకుండా రబ్బరు వేసి ఇచ్చాడు. ల్యాప్‌టాప్‌ను గుడ్డతో ఒకసారి తుడిచి సంచిలో పెట్టాడు.

"రేపు మధ్యలో ఆగితే?" అంది కవిత.

"ఆగదు. ఆగితే వెంటనే ఫోన్ చెయ్యి."

"ఆగకపోతే చేసే తీరికుండదు బాబాయ్. మూడింటిదాకా తలెత్తను, ఆ తర్వాత అమ్మ పని."

"చెయ్యొద్దు," అన్నాడు బ్రహ్మాజీ. "నీ పని చూసుకో."

సంచి పట్టీని సరిచేసి, రెండు చేతులతో పట్టుకుని ఆమెకు అందించాడు. కవిత దాన్ని భుజానికి తగిలించుకుని, ఆరింటి మాచర్ల బస్సుకు మెట్లు దిగింది.